నిద్రొచ్చి ఏడ్చే బిడ్డను కాసేపు ఏడవనిస్తే తప్పా?

ఆరేడు నెలల బిడ్డను ఎత్తుకుని మా ఓపీకి వచ్చే తల్లులు దగ్గు గురించో, విరేచనాల గురించో చెబుతారు. మందులు రాయించుకుంటారు. లేచి వెళ్లబోతూ ఇంకో మాట అడుగుతారు: ‘‘రాత్రిళ్లు పడుకోవడం లేదండీ. నిద్రొస్తోందని తెలుస్తూనే ఉంటుంది. కళ్లు నలుపుకుంటాడు, ఆవులిస్తాడు. పడుకోబెడితే మాత్రం ఒకటే ఏడుపు. దీనికేమైనా సిరప్ ఉందా?’’

సిరప్ లేదు. ఉన్నా వాడకూడదు. ఎందుకో తర్వాత చెబుతాను. సిరప్ లేదనగానే వచ్చే రెండో ప్రశ్న ఇంకా కష్టమైంది: ‘‘మరి ఏడవనివ్వమంటారా?’’ ఇక్కడే ఇంట్లో రెండు పక్షాలు తయారవుతాయి. బిడ్డ కాస్త గునిసినా ఎత్తుకోవాల్సిందేనని అమ్మమ్మ అంటుంది. ఎత్తుకుంటే అలవాటైపోతుంది, వదిలేస్తే వాడే పడుకుంటాడని ఫోన్లో చూసిన వీడియో చెబుతుంది. మధ్యలో తల్లి, నెలల తరబడి సరైన నిద్ర లేకుండా.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఆరు నెలలు దాటి, ఆరోగ్యంగా ఉండి, కడుపు నిండిన బిడ్డ నిద్రొచ్చి ఏడుస్తుంటే, మీరు దగ్గర్లోనే ఉండి కొన్ని నిమిషాలు ఆగితే హాని లేదు. ఆగకుండా ఎత్తుకుని జోకొట్టినా తప్పు లేదు. అసలు ప్రమాదం ఈ రెండింటిలోనూ లేదు. ఏడుపు భరించలేక, దాన్ని ఎలాగైనా ఆపాలని పెద్దవాళ్లు చేసే పనుల్లో ఉంది.

ఇప్పుడెందుకీ చర్చ?

2025 సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడా ప్రాంతంలో కోల్డ్‌రిఫ్ అనే దగ్గు మందు తాగిన పిల్లలు 20 మందికి పైగా చనిపోయారు. తమిళనాడు అధికారుల పరీక్షలో ఆ మందులో డైఇథిలీన్ గ్లైకాల్ అనే విషపదార్థం 48 శాతానికి పైగా ఉన్నట్లు తేలింది. అక్టోబరు 3న కేంద్ర ఆరోగ్య సేవల డైరెక్టరేట్ జనరల్ రాష్ట్రాలకు ఒక సూచన పంపింది. రెండేళ్లలోపు పిల్లలకు దగ్గు, జలుబు మందులు రాయకూడదు, ఇవ్వకూడదు. ఐదేళ్లలోపు వారికి సాధారణంగా అవసరం లేదు. ఆ పిల్లలకు మందు పట్టింది దగ్గుకే తప్ప నిద్రకు కాదు. అయితే అదే రకం సిరప్‌ను మన ఇళ్లలో రెండో పనికీ వాడుతున్నారు. ‘‘జలుబు మందు వేసిన రోజు హాయిగా పడుకుంటాడు’’ అన్న మాట ఓపీలో తరచూ వినిపిస్తుంది.

రెండో కారణం మన రాష్ట్ర విధానం. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే-5 ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో ఒక మహిళకు సగటున పుట్టే పిల్లల సంఖ్య 1.7. జనాభా తగ్గకుండా ఉండాలంటే అది 2.1 ఉండాలి. ఎక్కువమంది పిల్లల్ని కనమని ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు పలుమార్లు పిలుపునిచ్చారు. ఇద్దరికి మించి పిల్లలుంటే స్థానిక ఎన్నికల్లో పోటీకి అనర్హులన్న నిబంధనను 2024 నవంబరులో శాసనసభ తొలగించింది. మంచిదే. కానీ ఇంకో బిడ్డను కనాలా వద్దా అని ఆలోచించే దంపతులు స్కూలు ఫీజులు ఒక్కటే లెక్కేసుకోరు. మొదటి బిడ్డతో గడిపిన రాత్రుల్ని కూడా లెక్కేసుకుంటారు.

మూడోది, కృష్ణా డెల్టాలో దాదాపు ప్రతి వీధికీ ఉన్న అమెరికా సంబంధం. గుడివాడ, తెనాలి, విజయవాడల నుంచి కూతురి పురుటికో, కోడలి పురుటికో అమెరికా వెళ్లి వచ్చే అమ్మమ్మలు, నాయనమ్మలు అక్కడి పద్ధతిని చూసి ఆశ్చర్యపోతున్నారు. ‘నిద్ర శిక్షణ’ అనే మాట అక్కడి నుంచి ఇక్కడికి వీడియో కాల్స్‌లో, ఇన్‌స్టాగ్రామ్‌లో వచ్చేసింది.

నిద్రొచ్చిన బిడ్డ ఎందుకు ఏడుస్తుంది?

‘ఆకలేడుపు’, ‘నొప్పేడుపు’ అన్నట్టే ‘నిద్రొచ్చి ఏడుస్తున్నాడు’ అన్న మాట మన పెద్దవాళ్ల నోట ఎప్పటినుంచో ఉంది. వాళ్లు గమనించింది నిజమే. అలసిపోయిన పెద్దవాడు వెళ్లి పడుకుంటాడు. పసిబిడ్డకు ఆ నేర్పు ఇంకా రాదు. నిద్రపట్టే వేళ దాటిపోతే ఒళ్లు అలసిపోయినా మెదడు మాత్రం ఉద్రేకంలోనే ఉంటుంది. చుట్టూ వెలుగు, టీవీ, పలకరించే బంధువులు ఉంటే ఆ ఉద్రేకం ఇంకా పెరుగుతుంది. దాన్ని వదిలించుకునే దారి బిడ్డకు ఏడుపే. అందుకే నిద్ర ఏడుపు హెచ్చుతగ్గులుగా సాగుతుంది. గట్టిగా మొదలై, మధ్యలో ఆగి, మళ్లీ గునిసి, చివరికి మూలుగులా మారి నిద్రలోకి జారుతుంది. ఆకలేడుపు అలా తగ్గదు, పెరుగుతూ పోతుంది.

వయసును బట్టి ఏడుపు అర్థం మారుతుందని కూడా తెలుసుకోవాలి. అమెరికా శిశువైద్యుడు బ్రేజెల్టన్ 1962లో 80 మంది శిశువుల ఏడుపును నమోదు చేశారు. పుట్టినప్పటి నుంచి పెరుగుతూ వచ్చిన ఏడుపు ఆరో వారానికి రోజుకు సుమారు రెండుముప్పావు గంటలకు చేరి, ఆ తర్వాత తగ్గింది. వాళ్లంతా ఆరోగ్యంగా ఉన్న బిడ్డలే. అంటే రెండో నెలలో సాయంత్రం కాగానే ఏడుపు మొదలైతే దిష్టి తగిలిందనో, పాలు చాలడం లేదనో వెంటనే అనుకోనక్కర్లేదు. డబ్బాపాలు మొదలుపెట్టడానికి ఇది కారణం కాకూడదు. దిష్టి తీయడం వల్ల నష్టం లేదు, తీసుకోండి. పొగ మాత్రం బిడ్డ ముక్కు దగ్గర పెట్టకండి.

పగలు, రాత్రి తేడా తెలిసే అంతర్గత గడియారం మూడో నెల నుంచి కుదురుకోవడం మొదలవుతుంది. శిశువు నిద్ర సుమారు 50 నిమిషాల విడతలుగా సాగుతుంది. ప్రతి విడత చివర బిడ్డ కాస్త కదులుతుంది, కళ్లు తెరుస్తుంది, ఒక్కోసారి నిద్రలోనే ‘ఊఁ’ అని గునుస్తుంది. ఒళ్లో ఊగుతూ నిద్రపోయిన బిడ్డ కళ్లు తెరిచి చూస్తే ఒడి ఉండదు, ఊపు ఉండదు. మనం మంచం మీద పడుకుని, నడిరాత్రి వరండాలో కళ్లు తెరిస్తే ఎలా ఉంటుందో బిడ్డకూ అలాగే ఉంటుంది. అందుకే మళ్లీ ఒడి కోసం ఏడుస్తుంది. నిద్ర శిక్షణ వెనకున్న ఆలోచన ఇంతే: ఎక్కడ నిద్రలేస్తుందో అక్కడే నిద్రపోవడం అలవాటు చేయడం.

పుట్టింటి నుంచి ఫ్లాటుకు

మన దగ్గర ఈ సమస్య సరిగ్గా ఏ వయసులో ముదురుతుందో చూడండి. కాన్పు పుట్టింట్లో. బిడ్డను ఎత్తుకోవడానికి అమ్మమ్మ, పిన్ని, పక్కింటి పెద్దమ్మ, ఇలా అరడజను చేతులుంటాయి. చీర ఉయ్యాల ఆగకుండా ఊగుతూనే ఉంటుంది. నీళ్లు పోసి, సాంబ్రాణి వేసి, జోలపాడి పడుకోబెడతారు. మూడో నెలలోనో, ఐదో నెలలోనో మంచిరోజు చూసుకుని తల్లీబిడ్డా పటమటలోనో, భవానీపురంలోనో ఉన్న రెండు గదుల ఫ్లాటుకు చేరతారు. అక్కడున్నవి రెండే చేతులు, అవీ వంట చేయాలి. తండ్రి పొద్దున వెళ్లి రాత్రి వస్తాడు. ఉద్యోగం చేసే తల్లికి చట్టం ఇచ్చే 26 వారాల సెలవు కూడా ఆరో నెలకే అయిపోతుంది.

నాలుగో నెల నుంచి బిడ్డ నిద్ర తీరు మారుతుంది. అదే సమయంలో ఇల్లు మారుతుంది, ఎత్తుకునే చేతులు తగ్గుతాయి, తల్లి డ్యూటీలో చేరుతుంది. బిడ్డ ‘మొండిది’ అయిపోయిందని మనం అంటాం. మారింది బిడ్డ ఒక్కటే కాదు, బిడ్డ చుట్టూ ఉన్న లోకమంతా. అపార్ట్‌మెంట్‌లో ఇంకో ఒత్తిడి కూడా ఉంది. రాత్రి రెండింటికి బిడ్డ ఏడిస్తే పక్క ఫ్లాటు వాళ్లు ఏమనుకుంటారోనని భయం. ఆ భయంతోనే చాలామంది తల్లులు ఒక్క నిమిషం కూడా ఆగలేకపోతున్నారు.

పరిశోధనలు ఏం చెబుతున్నాయి?

ఆస్ట్రేలియాలో 6 నుంచి 16 నెలల వయసున్న 43 మంది శిశువులపై చేసిన ఒక అధ్యయనం 2016లో వెలువడింది. కొందరు తల్లిదండ్రులు బిడ్డ ఏడిస్తే కొన్ని నిమిషాలు ఆగి వెళ్లి సముదాయించారు, ఆ వ్యవధిని కొద్దికొద్దిగా పెంచారు. కొందరు పడుకోబెట్టే వేళను మార్చారు. మిగిలినవారికి నిద్ర గురించి సమాచారం మాత్రమే ఇచ్చారు. మొదటి రెండు వర్గాల పిల్లలు త్వరగా నిద్రపోవడం నేర్చుకున్నారు. ఏడాది తర్వాత చూస్తే తల్లితో అనుబంధంలో గానీ, ప్రవర్తనలో గానీ మూడు వర్గాల మధ్య తేడా లేదు. ఒత్తిడి హార్మోను కార్టిసాల్ పరీక్షల్లోనూ హాని కనిపించలేదు.

అదే దేశంలో మెల్‌బోర్న్‌లో, ఏడో నెలలో నిద్ర సమస్య ఉన్న 326 మంది శిశువులతో ఇంకో పెద్ద అధ్యయనం జరిగింది. అందులో నేర్పినవి రెండు పద్ధతులు: కొద్దికొద్దిగా ఆగి సముదాయించడం, పక్కనే కూర్చుని మెల్లగా దూరం జరగడం. ఆ కుటుంబాల్లో పిల్లల నిద్ర మెరుగుపడింది, తల్లుల్లో మానసిక కుంగుబాటు లక్షణాలు తగ్గాయి. ఆరేళ్ల వయసులో ఆ పిల్లల్ని మళ్లీ పరిశీలించి, ఫలితాలు 2012లో ప్రచురించారు. దీర్ఘకాలిక హాని లేదు. దీర్ఘకాలిక లాభమూ లేదు. ఈ రెండో మాటను నిద్ర కోర్సులు అమ్మేవాళ్లు చెప్పరు. శిక్షణ ఇచ్చిన పిల్లలూ, ఇవ్వని పిల్లలూ ఆరేళ్లకు ఒకేలా పడుకుంటున్నారు.

దీనికి ఎదురు వాదన కూడా ఉంది. 2012లో న్యూజిలాండ్‌లో 25 మంది శిశువులపై చేసిన చిన్న అధ్యయనంలో, మూడో రోజుకు పిల్లలు ఏడవడం మానేసినా వారి కార్టిసాల్ స్థాయి తగ్గలేదు. బిడ్డ ఊరుకుంది గానీ లోపల ఒత్తిడి అలాగే ఉందని కొందరు దీన్ని ఉదహరిస్తారు. ఆ బిడ్డలు ఉన్నది సొంత ఇంట్లో కాదు, ఒక శిక్షణ కేంద్రంలో. పోల్చి చూడటానికి శిక్షణ లేని బృందమూ లేదు. కాబట్టి ఆ ఒక్క అధ్యయనంతో భయపడనక్కర్లేదు. అలాగని బిడ్డ నోరు మూసుకున్నంత మాత్రాన అంతా బాగుందని అనుకోకూడదన్న హెచ్చరికను మాత్రం తీసుకోవాలి. అందుకే ‘గంటలు గంటలు వదిలేయండి, లోపలికి వెళ్లకండి’ అనే సలహాను నేను ఇవ్వను.

అమ్మమ్మ పక్షానా సాక్ష్యం ఉంది. 1986లో కెనడాలో జరిగిన అధ్యయనంలో, చంటిబిడ్డను ఏడవకపోయినా రోజూ కొన్ని గంటలు అదనంగా ఎత్తుకున్న తల్లుల బిడ్డలు ఆరో వారంలో 43 శాతం తక్కువగా ఏడ్చారు. మొదటి మూడు, నాలుగు నెలల్లో ఎత్తుకుంటే ‘చేతులకు అలవాటు పడటం’ అంటూ ఏమీ లేదు. ఆ వయసులో ఎత్తుకోవడమే వైద్యం.

అమెరికాలో మనవడు, ఇక్కడి అమ్మమ్మ

బోస్టన్ వైద్యుడు రిచర్డ్ ఫెర్బర్ 1985లో రాసిన పుస్తకంతో, ఆగి ఆగి సముదాయించే పద్ధతి అమెరికాలో ఇంటింటికీ చేరింది. అక్కడ జీతంతో కూడిన ప్రసూతి సెలవును దేశమంతటికీ ఇచ్చే చట్టం లేదు. 1993 నాటి కేంద్ర చట్టం 12 వారాల సెలవిస్తుంది, అదీ జీతం లేకుండా, అర్హత ఉన్నవారికే. మూడో నెలకే ఆఫీసుకు వెళ్లాల్సిన తల్లికి, ఇంట్లో ఇంకో మనిషి లేని చోట, బిడ్డ తనంతట తాను నిద్రపోవడం అవసరం. దానికి తోడు అక్కడి శిశువైద్యులు బిడ్డ తల్లిదండ్రుల గదిలోనే, కానీ వేరే తొట్టెలో పడుకోవాలంటారు. పక్కలో పడుకుంటే ఊపిరాడక శిశువు చనిపోయే ప్రమాదాన్ని తగ్గించడానికి ఆ జాగ్రత్త.

సందర్శకుల వీసా మీద ఆర్నెల్లు ఉండి రావడానికి వెళ్లిన అమ్మమ్మకు ఇదంతా కఠినంగా కనిపిస్తుంది. మానిటర్ తెరలో మనవడు ఏడుస్తుంటే, కూతురు గడియారం చూస్తూ తలుపు బయట కూర్చుంటుంది. అమ్మమ్మ గుండె ఆగదు. లోపలికి వెళ్లి ఎత్తుకుంటుంది. మూడు రాత్రుల శ్రమ పోయిందని కూతురు ఏడుస్తుంది. నలుగురున్న ఇంట్లో ముగ్గురు ఏడ్చే రాత్రి అది.

ఇద్దరికీ ఒక మాట. కూతురు చేస్తున్నది కర్కశత్వం కాదు, అక్కడి జీవితానికి అవసరమైన సర్దుబాటు. అమ్మమ్మ చెబుతున్నది మూఢత్వం కాదు, పది చేతులున్న ఇంట్లో పుట్టిన పద్ధతి. భారత్ సహా 17 దేశాల్లో 29 వేల మందికి పైగా పసిపిల్లల నిద్రను పోల్చిన అధ్యయనం 2010లో వచ్చింది. ఆసియా దేశాల్లో పిల్లలు ఆలస్యంగా పడుకుంటున్నారు, మొత్తంమీద తక్కువ నిద్రపోతున్నారు, ఎక్కువగా పెద్దవాళ్ల గదిలోనే పడుకుంటున్నారు. పక్కన పడుకోబెట్టుకోవడాన్ని వదలకుండానే, పెందలాడే పడుకోబెట్టడాన్ని వాళ్ల దగ్గర నుంచి మనం నేర్చుకోవచ్చు. రాత్రి పదకొండు దాకా సీరియళ్ల వెలుగులో బిడ్డను ఆడించి, ఆ తర్వాత నిద్రపోవడం లేదని అనడం న్యాయం కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పిన ప్రకారం 4 నుంచి 11 నెలల బిడ్డకు పగటి కునుకులతో కలిపి రోజుకు 12 నుంచి 16 గంటల నిద్ర కావాలి.

మన ఇంట్లో ఎలా చేయాలి?

తల్లీబిడ్డా ఒకే గదిలో పడుకునే మన ఇళ్లకు తలుపేసి బయట కూర్చునే పద్ధతి కుదరదు. అవసరమూ లేదు. ఇలా చేసి చూడండి.

ముందు వేళ కుదర్చండి. రాత్రి ఏడున్నర, ఎనిమిదిన్నర మధ్య రోజూ ఒకే క్రమం ఉండాలి: గోరువెచ్చని నీళ్లతో ఒళ్లు తుడవడం, బట్టలు మార్చడం, పాలు, ఒక జోలపాట, దీపం తగ్గించడం. కళ్లు నలపడం, చెవి లాక్కోవడం, ఆట మీద ఆసక్తి పోయి తల తిప్పేసుకోవడం కనిపిస్తే ఆలస్యం చేయకండి. ఆ పావుగంట దాటితే ఏడుపు ఖాయం.

పాలు తాగుతూ పూర్తిగా నిద్రపోకముందే, మగతగా ఉన్నప్పుడే పక్క మీద వెల్లకిలా పడుకోబెట్టండి. ఏడిస్తే వెంటనే ఎత్తుకోకుండా పక్కనే కూర్చుని చెయ్యి పొట్ట మీద ఆనించండి, మెల్లగా మాట్లాడండి. ఒకటి రెండు నిమిషాలు చూడండి. ఏడుపు తగ్గుతూ ఉంటే అలాగే ఉండండి. పెరుగుతూ ఉంటే ఎత్తుకుని శాంతపరచి, మళ్లీ పడుకోబెట్టండి. తర్వాతి రాత్రుల్లో ఆ రెండు నిమిషాలు మూడు, ఐదు కావచ్చు. అంతకు మించి లాగాల్సిన పనిలేదు. చాలా ఇళ్లలో వారం, పది రోజుల్లో తేడా తెలుస్తుంది.

నడిరాత్రి కదిలితే ముందు ఒక్క నిమిషం వినండి. నిద్రలో గునుస్తున్న బిడ్డను ఎత్తుకుంటే మనమే నిద్రలేపినవాళ్లం అవుతాం. ఆరు నెలల తర్వాత కూడా చాలామంది బిడ్డలకు రాత్రి ఒకటి రెండుసార్లు తల్లిపాలు కావాలి. నిద్ర అలవాటు చేయడమంటే పాలు మాన్పించడం కాదు. ఇంట్లో అందరూ ఒకే మాట మీద ఉండాలి. తల్లి ఐదు నిమిషాలు ఆగాక నాయనమ్మ వచ్చి ఎత్తుకుంటే, ఇంకా గట్టిగా ఏడవాలని బిడ్డ నేర్చుకుంటుంది. అందరికీ ఇష్టం లేకపోతే మొదలే పెట్టకండి. ఎత్తుకుని పడుకోబెడుతూ మీరు సుఖంగానే ఉంటే దీన్నంతా మర్చిపోండి. మీ బిడ్డకు ఏ లోటూ రాదు.

పక్క సంగతి కూడా చూడండి. మెత్తటి దిండ్లు, ఆవాల దిండు, బరువైన దుప్పటి బిడ్డ దగ్గర వద్దు. మందు తాగినవాళ్లు, పొగతాగేవాళ్లు, మత్తు కలిగించే మాత్రలు వేసుకున్నవాళ్లు బిడ్డ పక్కన పడుకోకూడదు. సోఫాలో బిడ్డతో నిద్రపోకూడదు. నెలలు నిండకుండా, తక్కువ బరువుతో పుట్టిన బిడ్డను అదే గదిలో వేరే పక్క మీద పడుకోబెట్టాలి. చీర ఉయ్యాలలో గడ్డం ఛాతీకి ఆనుకుంటే ఊపిరి అందదు. అందుకే అందులో నిద్రపోయిన బిడ్డను చదునైన పక్క మీదకు మార్చండి. బోర్లాపడటం మొదలైతే ఉయ్యాల మానేయండి. మే నెల విజయవాడ ఉక్కలో టోపీ, స్వెటర్ వేసి పడుకోబెట్టి ఏడుస్తున్నాడనేవాళ్లూ ఉన్నారు. మెడ వెనక చెయ్యి పెట్టి చూడండి. చెమట పడితే బట్టలు తగ్గించండి.

ఎప్పుడు ఒక్క నిమిషం కూడా ఆగకూడదు?

నాలుగు నెలల్లోపు బిడ్డ ఏడిస్తే ఎత్తుకోవాల్సిందే. నాలుగు నుంచి ఆరు నెలల మధ్య వైద్యుడిని అడిగాకే ఏదైనా. జ్వరం, జలుబు, విరేచనాలు, టీకా వేయించిన రోజు, ఊరు మారిన వారం, ఇవేవీ అలవాటు చేసే సమయాలు కావు. నెలలు నిండక పుట్టిన బిడ్డ, బరువు పెరగని బిడ్డ, గుండె జబ్బున్న బిడ్డ విషయంలో సొంత ప్రయోగాలు వద్దు.

మామూలుగా ఏడ్చే తీరు ఒక్కసారిగా మారితే బట్టలు పూర్తిగా విప్పి చూడండి. మొలతాడు బిగుసుకుందా, చేతికి కట్టిన నల్లతాడు ఒరుస్తోందా, కాలివేలికి తల్లి వెంట్రుక చుట్టుకుందా చూడండి. పడుకోబెట్టగానే ఏడుపు పెరిగితే చెవి నొప్పి కావచ్చు. ఉన్నట్టుండి కాళ్లు ముడుచుకుని గుక్కపట్టి ఏడ్చి, కాసేపు తేరుకుని, మళ్లీ అలాగే ఏడుస్తూ, వాంతులు చేసుకుంటే, విరేచనంలో ఎర్రటి జిగురు కనిపిస్తే పేగులో పేగు చొచ్చుకుపోయిందేమోనని అనుమానించాలి. ఇది సరిగ్గా ఐదారు నెలల నుంచి ఏడాది లోపే ఎక్కువ. ఆకుపచ్చ వాంతి, మూడు నెలల్లోపు బిడ్డకు 100.4 డిగ్రీల జ్వరం, పాలు తాగకపోవడం, కీచుమనే ఏడుపు, ఎత్తైన మాడు, ఇంతకు ముందు లేని మత్తు, వీటిలో ఏది ఉన్నా తెల్లారేదాకా ఆగకండి. 108కి ఫోన్ చేయండి.

ఇంకొక కారణం తల్లిదండ్రుల ఊహకు అందదు. మన రాష్ట్రంలో ఆరు నెలల నుంచి ఐదేళ్లలోపు పిల్లల్లో 63 శాతం మందికి రక్తహీనత ఉన్నట్లు అదే కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది. ఇనుము లోపం నిద్రను చెదరగొడుతుంది. ప్రభుత్వ కార్యక్రమం కింద ఆరు నెలలు దాటిన బిడ్డకు వారానికి రెండుసార్లు ఒక మిల్లీలీటరు ఐరన్ సిరప్ ఇస్తారు. నిద్ర కోసం సిరప్ అడిగే తల్లులు, ఆశా కార్యకర్త ఇచ్చిన ఈ సిరప్‌ను మాత్రం అల్మారాలో పెట్టి మర్చిపోతున్నారు.

ఏడుపు ఆపడానికి చేయకూడనివి

పిల్లల్ని మత్తులో పడుకోబెట్టడం కొత్త కాదు. 1920ల్లో బొంబాయి నూలు మిల్లులకు వెళ్లే తల్లులు పసిపిల్లలకు నల్లమందు గోళీలు పెట్టి పనిలోకి వెళ్లేవారు. అప్పటి ప్రభుత్వ విచారణల్లోనే ఇది నమోదైంది. వాళ్లు చెడ్డ తల్లులు కారు. బిడ్డను చూసుకునే మనిషి లేని తల్లులు. నల్లమందు పోయింది, జలుబు సిరప్ వచ్చింది.

జలుబు మందుల్లో ఉండే క్లోర్‌ఫెనిరమిన్ మత్తు కలిగిస్తుంది. దీన్ని ఫినైలెఫ్రిన్‌తో కలిపి తయారుచేసే మందులు నాలుగేళ్లలోపు పిల్లలకు వాడరాదని సీసా మీద ముద్రించాలని 2023 డిసెంబరులో కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ ఆదేశించింది. ప్రొమెథజైన్ అనే ఇంకో మందు రెండేళ్లలోపు పిల్లల్లో ఊపిరిని ప్రాణాంతకంగా తగ్గించగలదని అమెరికా నియంత్రణ సంస్థ 2004లోనే తీవ్ర హెచ్చరిక జోడించింది. మందుల షాపులో అడిగితే ఇచ్చారని, పక్కింటి వాళ్ల బిడ్డకు పనిచేసిందని పట్టకండి. ఆరు నెలలలోపు తల్లిపాలు తప్ప వస కొమ్ము, గ్రైప్ వాటర్, తేనె ఏవీ వద్దు. తేనె ఏడాది నిండేదాకా వద్దు.

అన్నిటికన్నా ప్రమాదకరమైనది, కోపంలో బిడ్డను పట్టుకుని కుదపడం. పసిబిడ్డ తల బరువు, మెడ బలహీనం. కొన్ని సెకన్ల కుదుపుతో మెదడులో రక్తస్రావం జరిగి చూపు పోవచ్చు, ప్రాణమే పోవచ్చు. ఇలా చేసేవాళ్లు దుర్మార్గులేమీ కారు. మూడు రాత్రులు నిద్రలేని మామూలు మనుషులు. చేతులు వణుకుతున్నాయని, పళ్లు బిగుస్తున్నాయని అనిపించిన క్షణాన బిడ్డను పక్క మీద వెల్లకిలా పడుకోబెట్టి, పక్క గదిలోకి వెళ్లి మొహం కడుక్కోండి. ఐదు నిమిషాలు ఏడ్చినందువల్ల ఏ బిడ్డా చనిపోదు. చిన్నబిడ్డ విషయంలో కూడా ఈ ఒక్క సందర్భంలో వదిలి వెళ్లడమే బిడ్డను కాపాడటం.

తల్లి నిద్ర ఎవరి బాధ్యత?

‘అడగందే అమ్మయినా పెట్టదు’ అంటాం. బిడ్డ ఏడ్చి అడుగుతుంది. అమ్మ ఎవరిని అడగాలి? భారత్‌లో ప్రసవానంతరం సుమారు 22 శాతం మంది తల్లులు కుంగుబాటుకు లోనవుతున్నారని, అనేక అధ్యయనాలను కలిపి 2017లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పత్రికలో ప్రచురించిన విశ్లేషణ లెక్కగట్టింది. నిద్రలేమి దాన్ని ముదరబెడుతుంది. బిడ్డ పడుకున్నా నిద్రపట్టని తల్లి, ఊరికే కన్నీళ్లు పెట్టుకునే తల్లి, బిడ్డను చూస్తే ఏమీ అనిపించడం లేదనే తల్లి ‘బాలింత నీరసం’తో లేదు, ఆమెకు వైద్యం కావాలి. టెలీ మానస్ నంబరు 14416కి ఏ వేళయినా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడవచ్చు. తనకో, బిడ్డకో ఏదైనా చేసేసుకోవాలనిపిస్తోందని ఆమె అంటే ఒంటరిగా వదలకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకురండి.

ప్రభుత్వోద్యోగి అయిన తండ్రికి పితృత్వ సెలవు 15 రోజులు. ప్రైవేటు ఉద్యోగికి చట్టం అదీ ఇవ్వదు. 50 మంది, అంతకు మించి పనిచేసే సంస్థల్లో శిశు సంరక్షణ కేంద్రం ఉండాలని చట్టంలో ఉంది. మీ ఆఫీసులో ఉందా అని ఒకసారి అడిగి చూడండి. పిల్లల్ని కనమని చెప్పే ప్రభుత్వం ఆ బిడ్డ మొదటి ఏడాది రాత్రుల గురించి కూడా ఆలోచించాలి. తండ్రికి నెల రోజుల సెలవు, పనిచేసే చోట బిడ్డను ఉంచే గది, బాలింతను ఇంటికొచ్చి చూసే ఆరోగ్య కార్యకర్త మానసిక స్థితి గురించి కూడా అడగడం, ఇవి పెద్ద ఖర్చుతో కూడినవి కావు. మీ ఇంట్లో గిన్నెలు తోమే అమ్మాయికి ఈ సెలవుల్లో ఏదీ వర్తించదని కూడా గుర్తుంచుకోండి. ఆమె ఆలస్యంగా వచ్చిన పొద్దున, రాత్రి ఆమె బిడ్డ పడుకుందో లేదో అడగండి.

ఇంట్లో మాత్రం చట్టం కోసం ఎదురుచూడనక్కర్లేదు. రాత్రిని రెండు వాటాలు చేయండి. పది నుంచి రెండు దాకా తండ్రి చూసుకుంటే, పాల వేళ తప్ప తల్లి నాలుగు గంటలు వరుసగా పడుకోగలదు. ఎత్తుకుని తిరగడానికి, చెయ్యి ఆనించి కూర్చోవడానికి, ఆ ఐదు నిమిషాలు గడియారం చూడటానికి తండ్రి చేతులూ సరిపోతాయి. పక్క ఫ్లాటులో బిడ్డ ఏడుపు వినిపిస్తే గోడ మీద కొట్టకండి. పొద్దున కనిపించినప్పుడు ‘రాత్రి నిద్రపట్టిందా అమ్మా?’ అని తల్లిని అడగండి.